తల లోపలి రాత

(జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో కూలీలు, విద్యార్థులు, టీచర్లు కూర్చున్న మూడు సభల్లో మేం చేసిన ప్రసంగం పాఠం ఇది. ఆ మూడు చోట్లా మమ్మల్ని అడిగిన ప్రశ్నలను, మేం ఇచ్చిన జవాబులను కూడా కలిపి ఒక్కటిగా రాశాం.)



ఈ సభ కరపత్రం చూసి కొందరు మమ్ముల నవ్విండ్రు. "భూమి గురించి మాట్లాడతరనుకున్నం, కూలి రేట్ల గురించి మాట్లాడతరనుకున్నం. మీరేమో 'నేను అంటే ఎవరు? మెదడు శాస్త్రం ఏమంటున్నది?' అని పెట్టిండ్రు. ఇది కడుపు నిండినోళ్ల ముచ్చట గాదా?" అని అడిగిండ్రు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పినాకనే ముందుకు పోతం.

మాలో ఒకరి అవ్వ, దొర గడి ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు చేతుల పట్టుకొని నడిచేదట. "ఎందుకవ్వా అట్ల?" అని మనుమడు అడిగితే ఆమె దొరను తిట్టలేదు. "పోయిన జన్మల ఏం పాపం చేసుకున్నమో బిడ్డా" అన్నది. ఆలోచించండి. చెప్పులు విడిపించింది దొర భయం. కానీ ఆ పని న్యాయమే అని ఆమె నోటితోనే అనిపించింది ఏంది? 'నేను' గురించి ఒక సిద్ధాంతం. నీ లోపల ఆత్మ అనేది ఒకటుంది, అది చావదు, పాత బట్ట విడిచి కొత్త బట్ట కట్టుకున్నట్టు శరీరాలు మారుస్తుంది, పోయినసారి చేసిన కర్మను మోసుకొచ్చి ఈ కులంలో పుట్టింది. ఇదీ ఆ సిద్ధాంతం. భూమి లాక్కోవడానికి కర్ర చాలు. లాక్కున్న భూమి నాది కానే కాదు అని నాతోనే అనిపించడానికి మాత్రం తత్వశాస్త్రం కావాలి. అందుకే 'నేను ఎవరు' అన్న ప్రశ్న కడుపు నిండినోళ్లకు వదిలేసేది కాదు. ఆ ప్రశ్నకు వాళ్లిచ్చిన జవాబు కిందనే మన అవ్వలు, తాతలు బతికిండ్రు.

మేం డాక్టర్లం కాదు. మాలో ఇద్దరు బడిపంతుళ్లు, ఒకరు దవాఖానలో రక్తపరీక్షలు చేసే మనిషి, ఒకరు ఆటో నడిపే తమ్ముడు. చదివి, తెలిసినవాళ్లను అడిగి, తెలుసుకున్నంత చెప్తున్నాం.

ఆత్మ లేదన్న మాట మన గడ్డకు కొత్తది కాదు

జనగామ నుంచి సూర్యాపేట పోయే తొవ్వలో ఫణిగిరి ఉన్నది. ఎంతమంది చూసిండ్రు? ఆ గుట్ట మీద రెండు వేల ఏండ్ల కిందటి బౌద్ధ స్తూపం, భిక్షువుల విహారాలు, చెక్కిన తోరణాలు బయటపడ్డాయి. అక్కడి శిల్పాలు 2023లో న్యూయార్క్ మ్యూజియంలో ప్రదర్శనకు పోయినయి. బర్లు మేపుకునే గుట్ట అనుకున్న చోట ఒకప్పుడు భిక్షువులు కూర్చొని ధర్మం చర్చించుకున్నారు. ఆ ధర్మంలో పెద్ద మాట అనాత్మ. మనిషిలో మారని ఆత్మ ఏదీ లేదు. శరీరం, అనుభూతి, గుర్తింపు, అలవాట్లు, ఎరుక, వీటి కలయికకే 'నేను' అని పేరు పెట్టుకున్నాం అని బుద్ధుడు చెప్పిండు.

నాగసేనుడనే భిక్షువు మిళిందుడనే గ్రీకు రాజుకు ఈ సంగతి రథాన్ని చూపించి చెప్పిండట. మనం మన డప్పుతో చెప్పుకుందాం. డప్పు మోత ఎక్కడున్నది? తోలులో ఉన్నదా? చెక్క గుండ్రంలో ఉన్నదా? సిర్రలో, చిటికెన పుల్లలో ఉన్నదా? విప్పి చూస్తే ఏ ఒక్క దాంట్లోనూ దొరకదు. అట్లని మోత అబద్ధమా? మంట మీద కాగబెట్టి కొడితే ఊరంతా వినబడుతుంది. 'నేను' కూడా అట్లాంటిదే అన్నారు బౌద్ధులు. ఏ వస్తువుకూ దాని సొంతమైన, మారని స్వభావం లేదని నాగార్జునుడు క్రీస్తు తర్వాత రెండో శతాబ్దం నాటికే వాదించిండు. ఆయన పేరుతోనే మన నాగార్జునకొండ ఉన్నది. బాబాసాహెబ్ అంబేద్కర్ చనిపోయిన తర్వాత 1957లో అచ్చయిన 'బుద్ధుడు-ఆయన ధమ్మం' గ్రంథంలో, ఆత్మను నమ్మడం ధమ్మం కాదని వేరే ప్రకరణమే రాసిండు. ఊరికే రాయలేదు. ఆత్మ మోసుకొచ్చే కర్మ పోతే, పుట్టుకతో కులం అంటగట్టే వాదానికి వేరు తెగిపోతుందని ఆయనకు తెలుసు.

ఇదంతా వాదన. వాదన బలమైనదే. అయితే తల లోపల చూసినవాళ్లు ఏం కనుక్కున్నారు?

జనగామలో విన్న డప్పు

మెదడు బరువు 1,300 నుంచి 1,400 గ్రాములు. శరీరం బరువులో రెండు శాతం. కానీ మనం తిన్న తిండిలోని శక్తిలో ఇరవై శాతం దాకా అదే తింటుంది. అందులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయని 2009లో లెక్క తేల్చారు. 17వ శతాబ్దంలో ఫ్రెంచి తత్వవేత్త డెకార్త్, మెదడు నడుమ ఉన్న చిన్న గ్రంథి ఆత్మకు ఆసనం అనుకున్నాడు. తర్వాతి శాస్త్రజ్ఞులు ఎంత వెతికినా మెదడులో ఎక్కడా 'దొర కుర్చీ' దొరకలేదు. అన్ని భాగాలను ఆజ్ఞాపించే దొర ఎవరూ లేడు. చూపుకు ఒక చోటు, మాటకు ఒక చోటు, భయానికి కొన్ని, జ్ఞాపకానికి కొన్ని. అన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ పని చేస్తాయి.

జనగామ దగ్గరి ఒక ఊరి వాడలో మాకు తెలిసిన పెద్దయ్య ఒకరు ఉండె. డెబ్బై దాటినంక మతిమరుపు రోగం వచ్చింది. కొడుకును చూసి "నువ్వెవరి పిల్లగానివి?" అనేవాడు. భార్య చనిపోయిందని పొద్దున చెప్తే మాపటికి మళ్లీ అడిగేటోడు. ఒకరోజు ఎవరో డప్పు తెచ్చి చేతిలో పెట్టిండ్రు. చేతులు దరువు మరువలేదు. పెండ్లి దరువు, సావు దరువు, దేనికది విడివిడిగా కొట్టిండు. కొట్టుడు అయినంక డప్పు దిక్కు చూసి "ఎవరు కొట్టిండ్రు?" అని అడిగిండు. అక్కడున్నోళ్లకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెలువలేదు.

ఇది మహిమ కాదు. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకునికి మూర్ఛ తగ్గాలని మెదడు రెండు పక్కల నుంచి కొంత భాగం తీసేసిండ్రు. అందులో హిప్పోక్యాంపస్ అనే భాగం చాలా వరకు పోయింది. మూర్ఛ తగ్గింది గానీ, కొత్త జ్ఞాపకం నిలబడటం ఆగిపోయింది. 2008లో చనిపోయేదాకా, యాభై అయిదేండ్లు, ఆయనకు ప్రతి మనిషీ కొత్త మనిషే. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఆయనతో అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయించింది. రోజురోజుకూ బాగా గీయసాగిండు. కానీ ముందు గీసినట్టు ఆయనకు గుర్తే లేదు. అంటే జ్ఞాపకం ఒకటి కాదు, చాలా రకాలు. చేతి విద్యకు ఒక దారి, మనుషుల ముచ్చట్లకు ఇంకొక దారి. ఒకటి తెగినా ఇంకొకటి మిగులుతుంది.

ఇప్పుడు చెప్పండి. ఆత్మ ఒక్కటే అయితే, అది ముక్కలు కాదు అన్నమాట నిజమైతే, మన పెద్దయ్యలో సగం ఎట్ల పోయింది, సగం ఎట్ల మిగిలింది? 1848లో అమెరికాలో రైలుమార్గం వేసే పనిలో ఫినియాస్ గేజ్ అనే మేస్త్రీకి, రాళ్లు పేల్చే మందు కూరుతుండగా, ఇనుప కడ్డీ చెంపలో నుంచి దూరి నడినెత్తిలో నుంచి వెళ్లిపోయింది. బతికిండు. కానీ అంతకు ముందు నెమ్మదస్తుడు, తర్వాత నోటికొచ్చినట్టు తిట్టే మనిషి అయిండని వైద్యుడు రాసిపెట్టిండు. గుణం ఆత్మది అయితే ఇనుప కడ్డీకి ఎట్ల మారుతుంది? కిందటి జన్మ కర్మను మోసుకొచ్చే మూట ఏదైనా ఉంటే, ఈ జన్మలో నిన్నటి సంగతే మోయలేకపోతున్న మెదడులో దాన్ని ఎక్కడ దాచుకున్నట్టు?

మహబూబాబాద్‌లో ఒక అవ్వ అడిగిన ప్రశ్న

మహబూబాబాద్ సభలో ఒక అవ్వ లేచింది. "మా ఇంటాయనకు షుగర్ పుండు లేసి మోకాలు కిందికి కాలు తీసేసిండ్రు. లేని కాలు వేళ్లు గుంజుతున్నయంటడు, దురద పెడుతున్నదంటడు. పక్కింటోళ్లు గాలి సోకిందంటున్నరు. మంత్రం పెట్టించమంటరా?" అని అడిగింది.

అవ్వా, మంత్రం వద్దు. కాలో చెయ్యో తీసేసినవాళ్లలో చాలామందికి ఇట్లనే ఉంటుంది. మన శరీరం బొమ్మ మెదడు మీద గీసి ఉంటుంది. పెదవులకు, చేతివేళ్లకు పెద్ద జాగా. వీపుకు చిన్న జాగా. కెనడాలో పెన్‌ఫీల్డ్ అనే డాక్టరు ఆపరేషన్లు చేస్తూ ఆ పటం గీసి 1937లో అచ్చు వేసిండు. కాలు పోయినా ఆ పటంలో కాలు జాగా పోదు. చెన్నైలో డాక్టరీ చదివి అమెరికా పోయిన వి.ఎస్. రామచంద్రన్ 1990లలో చెయ్యి పోయిన మనుషులను పరీక్షిస్తే, చెంప మీద తాకినప్పుడు కొందరికి లేని చేతి వేళ్లు తాకినట్టు అనిపించింది. ఎందుకంటే మెదడు పటంలో ముఖం జాగా, చేతి జాగా పక్కపక్కనే ఉంటయి. ఆయన ఒక పెట్టెలో అద్దం పెట్టి, ఉన్న చేతి నీడను లేని చేతి చోట చూపిస్తే కొందరికి నొప్పి తగ్గింది. అందరికీ తగ్గదు. కానీ మందులున్నయి, అభ్యాసాలున్నయి, దవాఖానకు తీసుకపోండ్రి అని అవ్వకు చెప్పినం.

దీంట్లో తత్వం ఏందంటే, 'నా శరీరం' అనేది కూడా మెదడు గీసుకున్న బొమ్మే. ఆ బొమ్మ అనుభవంతో మారుతుంది. ఇంకొక దిక్కు చూడండి. తన శరీరం బొమ్మ ఎట్ల గీసుకుంటడో, ఎదుటి మనిషి బొమ్మ కూడా మనిషి అట్లనే గీసుకుంటడు. 'వీణ్ని ముట్టుకోవచ్చు, వాణ్ని ముట్టుకోవద్దు' అన్న గీత ఏ తోలు మీదా లేదు. అది చూసేవాడి తలలో ఉన్నది. చిన్నప్పుడు తల్లీ తండ్రీ చెయ్యి పట్టి వెనక్కి గుంజిన ప్రతిసారీ ఆ గీత ఇంకొంత లోతు పడింది.

కారణాలు చెప్పే నోరు

మూర్ఛ మరీ ముదిరినవాళ్లకు మెదడు రెండు సగాలను కలిపే నరాల కట్టను కోసేవారు. అట్లాంటి వారిని పరీక్షించినందుకే రోజర్ స్పెర్రీకి 1981లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన శిష్యుడు గజానిగా చేసిన ఒక పరీక్ష వినండి. రోగి ఎడమ సగం మెదడుకు కోడి కాలు బొమ్మ, కుడి సగానికి మంచు కురిసిన వాకిలి బొమ్మ చూపించిండ్రు. తర్వాత సరిపోయే బొమ్మలు ఏరమంటే కుడి చెయ్యి కోడిని చూపింది. కుడి మెదడు నడిపే ఎడమ చెయ్యి మంచు ఎత్తే పార బొమ్మను చూపింది. పార ఎందుకయ్యా అని అడిగిండ్రు. మాట్లాడేది ఎడమ సగం. దానికి మంచు సంగతే తెలవదు. అయినా తడుముకోలేదు. "కోళ్ల గూడు ఊడ్వడానికి పార కావాలె గదా" అన్నది.

అబద్ధం చెప్పాలని చెప్పలేదు. నిజమనే చెప్పింది. మెదడులో ఒక భాగం పని ఇదే: చేసిన పనికి తర్వాత కారణం అల్లడం. మెదడు కోసినవాళ్లలో ఇది బట్టబయలు అయింది గానీ, ఈ కారణాలు అల్లే నోరు మనందరిలోనూ ఉన్నదని గజానిగా అంటడు.

మేం ఇది చదివినప్పుడు రోడ్డు పక్క ఒక చాయ్ హోటల్ గుర్తుకొచ్చింది. మనోళ్లకు గ్లాసు వేరే. ఎందుకన్నా అని అడిగితే ఆయన ఒకసారి "వాళ్లు శుభ్రంగ ఉండరు" అన్నడు. స్నానం చేసి ఇస్త్రీ బట్టల మీద పోయిన మన టీచర్‌కు కూడా అదే గ్లాసు వచ్చింది. ఇదేందంటే "మా గిరాకీ ఒప్పుకోరు" అన్నడు. గిరాకీ ఎవరూ లేని పొద్దున పూట పోతే "ముందు నుంచి ఉన్న ఆచారం" అన్నడు. కారణాలు మారుతున్నయి, గ్లాసు మారుతలేదు. ముందు వెలివేత నేర్చుకున్నడు. శుభ్రత, ఆచారం, మెరిట్ అనే కారణాలు తర్వాత వచ్చినయి. కోళ్ల గూడు పారలే అవన్నీ. అందుకే వాళ్ల ఒక్కొక్క కారణానికి జవాబు చెప్పుకుంట కూర్చుంటే మన ఆయుష్షు చాలదు. గ్లాసు మార్చమనాలె.

వెలివేత ఎక్కడ తగులుతుంది?

2003లో అమెరికాలో నవోమి ఐసెన్‌బర్గర్ బృందం ఒక చిన్న పరీక్ష చేసింది. మనిషిని మెదడు ఫొటో తీసే మిషన్‌లో పడుకోబెట్టి, ముగ్గురు బంతి విసురుకునే ఆట తెర మీద ఆడించిండ్రు. కొంచెంసేపటికి మిగతా ఇద్దరు ఇతనికి బంతి వేయడం మానేసిండ్రు. అంతే. అప్పుడు పని పెరిగిన మెదడు భాగాల్లో ఒకటి, శరీరానికి దెబ్బ తగిలితే బాధ పుట్టించే భాగాల్లోనిదే. ఒకే చోట వెలిగినంత మాత్రాన రెండు నొప్పులూ ఒకటే కావని, లోపలి తీరు వేరని 2014లో మరికొందరు చూపిండ్రు. ఆ సవరణను ఒప్పుకోవాలె. అయినా వెలివేత ఉత్త 'ఫీలింగ్' కాదు, శరీరంలో జరిగే సంగతి అన్నది మాత్రం నిలబడ్డది. కొన్ని నిమిషాలు బంతి రాకుంటేనే ఇట్లయితే, తరతరాలు బంతి రానోళ్ల సంగతి ఏంది?

రెండో పరీక్ష మన దేశంలోదే. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలతో కాగితం మీద దారి కనుక్కునే చిక్కుబొమ్మలు చేయించిండ్రు. ఎన్ని చేస్తే అన్ని పైసలు. పేర్లు, కులాలు చదవనప్పుడు పైకులాల పిల్లలూ చమార్ పిల్లలూ దాదాపు సమానంగా చేసిండ్రు. తర్వాత ఇంకొన్ని గుంపుల్లో, ఆట మొదలుపెట్టేముందు అందరి ముందూ ప్రతి పిల్లగాని పేరు, తండ్రి పేరు, తాత పేరు, కులం చదివిండ్రు. అక్కడ చమార్ పిల్లల లెక్క పడిపోయింది. అవే చిక్కుబొమ్మలు, అట్లాంటి పిల్లలే. మారింది, పది మందిలో కులం పేరు చదవడం ఒక్కటే. 2006లో ఇది పేరున్న ఆర్థికశాస్త్ర పత్రికలో అచ్చయింది.

ఈ సంగతి చెప్పినప్పుడు మూడు చోట్లా సభ నిశ్శబ్దమైంది. ఎందుకంటే మనలో ప్రతి ఒక్కరికీ అట్లాంటి ఒక పొద్దు గుర్తున్నది. స్కాలర్‌షిప్ పిల్లలు లేవండి అని క్లాసులో లేపిన పొద్దు. 'నేను' అనేది తల లోపల ఒంటరిగా కూర్చున్నది కాదు. ఎదుటివాడు నన్ను ఏమని పిలుస్తున్నాడో దాన్ని బట్టి ఆ క్షణమే అది కుంగుతుంది, పెరుగుతుంది. హైదరాబాద్ యూనివర్సిటీలో రోహిత్ వేముల 2016 జనవరి 17న మనల్ని విడిచిపోయిండు. సైన్సు రచయిత కావాలనుకున్న మనిషి. మనిషిని మనసుగా చూడకుండా ఒక గుర్తింపు ముద్రగా కుదించారన్న బాధ ఆయన ఆఖరి ఉత్తరంలో ఉన్నది. ఆ ఉత్తరం మనం ఇప్పుడు మాట్లాడుకుంటున్న ప్రశ్న గురించే.

భూపాలపల్లిలో రెండు ప్రశ్నలు

భూపాలపల్లి సభలో ఒక అక్క అడిగింది: "మరి పూనకం ఏంది? నా నోటి నుంచే వేరే మాట వస్తది. అది నేనా, వేరేవాళ్లా?" మేడారం ఇప్పుడు ములుగు జిల్లాలో ఉన్నది గానీ 2019 దాకా భూపాలపల్లి జిల్లాలోనే ఉండె. రెండేండ్లకోసారి సమ్మక్క-సారలమ్మ జాతరలో శివసత్తులను చూసినవాళ్లే అందరూ. మేం పూనకాన్ని ఎగతాళి చేయడానికి రాలేదు.

ఒక చిన్న సంగతి చూడండి. ఎవరన్నా కితకితలు పెడితే నవ్వు వస్తుంది. నీకు నువ్వు పెట్టుకుంటే రాదు. ఎందుకు? నీ చెయ్యి కదిలే ముందే మెదడు 'ఇది నేను చేస్తున్నది' అని లెక్క కట్టి, ఆ తాకిడిని తగ్గిస్తుంది. 1998లో లండన్‌లో మిషన్ పెట్టి దీన్ని చూసిండ్రు. అంటే 'ఇది నేను చేసిన పని' అన్న ముద్ర కూడా మెదడు వేసేదే. కొన్ని స్థితుల్లో ఆ ముద్ర పడదు. అప్పుడు సొంత ఆలోచన పరాయి గొంతులా వినబడుతుంది, సొంత చెయ్యి పరాయిదిగా కదులుతుంది. గంటలకొద్దీ డప్పు మోత, ఆకలి, ఉపవాసం, పది మంది నమ్మకం మనిషిని ఆ స్థితికి దగ్గర చేయవచ్చు. దేవత ఉన్నదా లేదా అన్నది మెదడు ఫొటో తేల్చదు. కానీ మేం చూసింది ఒకటి చెప్తం. ఏండ్ల తరబడి ఇంట్లో నోరెత్తని ఆడమనిషి, పూనకంలో అత్తను, మొగన్ని, పటేలును నిలబెట్టి అడుగుతది. 'నేను' అని అడిగే హక్కు లేనప్పుడు, దేవత పేరుతోనన్నా అడుగుతది. అట్లని మూర్ఛ వచ్చే పిల్లకు, చెవుల్లో గొంతులు వినబడి నిద్రపోని తమ్మునికి మాత్రం వేపమండల దెబ్బలు వద్దు. అది మెదడు జబ్బు; మందులున్నయి. ఇట్లాంటి జబ్బులకు చేతబడి అని పేరు పెట్టి, ఎవరో ఒక ముసలమ్మ మీద, ముసలాయన మీద పడి కొట్టిన ఊర్లు మన జిల్లాల్లో ఉన్నయి. దెబ్బలు తిన్నోళ్లు ఎక్కువగా ఏ వాడవాళ్లో మీకు ఎరుకే.

రెండో ప్రశ్న ఒక డిగ్రీ తమ్ముడు అడిగిండు. మూడు సభల్లో ఇంతకంటే గట్టి ప్రశ్న రాలేదు. "అన్నా, ఆత్మ లేదంటరు. 'నేను' అంటే నరాల కలయిక అంటరు. మరి మనం ఇన్నేండ్లు ఆత్మగౌరవం, ఆత్మగౌరవం అని కొట్లాడుతున్నం గదా. ఆత్మే లేకుంటే ఆ గౌరవం ఎవరిది?"

ఆ పూట మేం వెంటనే జవాబు చెప్పలేకపోయినం. తిరుగు బస్సులో దాని గురించే కొట్లాడుకున్నం. ఇప్పుడు మాకు తోచింది చెప్తం. ఆత్మ లేదంటే మనిషి లేడని కాదు. డప్పు మోత తోలులో దొరకదు గానీ మోత ఉన్నది. 'నేను' అనే వస్తువు దొరకలేదు గానీ 'నేను' అనే పని నడుస్తున్నది. శరీరం, జ్ఞాపకం, భాష, మన చుట్టూ ఉన్న మనుషులు కలిసి దాన్ని నడుపుతున్నారు. ఆత్మ వాళ్లు చెప్పినట్టు చావనిది, తెగనిది, తడవనిది అయితే దానికి అవమానమే తగలదు. తగలనిదానికి గౌరవం ఎందుకు? వాళ్ల ఆత్మకు ఆత్మగౌరవం అక్కర లేదు. దెబ్బ తగిలే మనిషికి కావాలె, మరిచిపోగలిగే మనిషికి కావాలె, పది మందిలో కులం పేరు చదివితే చెయ్యి వణికే పిల్లగానికి కావాలె. మనం కొట్లాడుతున్నది ఆ మనిషి గౌరవం కోసం. పేరులో 'ఆత్మ' ఉన్నంత మాత్రాన అది ఉపనిషత్తుల ఆత్మ కాదు తమ్మీ.

శాస్త్రం పేరుతో వచ్చే మోసం

ఒక హెచ్చరిక కూడా చెప్పాలె. తల గురించి శాస్త్రం అనగానే మనం జాగ్రత్తగా ఉండాలె. ఇంగ్లీషు ప్రభుత్వంలో 1901 జనాభా లెక్కలు చూసిన రిస్లీ అనే అధికారి, ముక్కు వెడల్పు కొలిచి కులం హెచ్చుతగ్గులు చెప్పొచ్చు అన్నడు. ముక్కు ఎంత వెడల్పయితే కులం అంత తక్కువ అట! అదే కొలతల పట్టికలు పట్టుకొని బాబాసాహెబ్ 1948లో 'అస్పృశ్యులు' గ్రంథంలో, బ్రాహ్మణులు, అంటరానివాళ్లు వేరు వేరు జాతులు కారని తేల్చి చెప్పిండు. ముక్కులు పోయి ఇప్పుడు జీన్స్, ఐక్యూ వచ్చినయి. రిజర్వేషన్ అనగానే పుట్టుకతో వచ్చే మెరిట్ అంటరు. అదే కర్మ సిద్ధాంతం, తెల్ల కోటు వేసుకొని వచ్చింది.

ఇంకొక మాట కూడా దాచొద్దు. ఈ కణాల నుంచి ఎరుక ఎట్ల పుడుతుందో ఇప్పటికీ తేలలేదు. క్రిస్టోఫ్ కోఖ్ అనే మెదడు శాస్త్రజ్ఞుడు పాతికేండ్లలో తేలుతుందని 1998లో చామర్స్ అనే తత్వవేత్తతో పందెం కట్టిండు. 2023లో ఓడిపోయినట్టు ఒప్పుకొని ద్రాక్షసారా సీసాలు ఇచ్చుకున్నడు. తెలవనిది తెలవదు అని ఒప్పుకోవడమే శాస్త్రం. తెలవని చోట ఆత్మను తెచ్చి కూర్చోబెడితే, దాని వెనకనే కర్మ వస్తది, కర్మ వెనకనే కులం వస్తది.

రాసినది మళ్లీ రాయొచ్చు

తలరాత అంటే నొసటి మీద బ్రహ్మ రాసింది, చెరగనిది అని మనకు చెప్పిండ్రు. తల లోపలి రాత సంగతి వేరు. లండన్‌లో వేల వీధులు గుర్తు పెట్టుకోవాల్సిన టాక్సీ డ్రైవర్ల మెదడులో దారులు గుర్తుంచుకునే హిప్పోక్యాంపస్ వెనక భాగం పెద్దగా ఉన్నదని 2000లో ఎలినార్ మగ్వైర్ చూపింది. మా ఆటో తమ్ముడు ఇది విని మీసం తిప్పిండు. లక్నో దగ్గరి పల్లెల్లో అక్షరం రాని పెద్దవాళ్లకు, ఎక్కువ మంది ముప్పై ఏండ్ల ఆడవాళ్లకు, ఆరు నెలలు హిందీ చదువు నేర్పి ముందూ వెనకా మెదడు ఫొటోలు తీసిండ్రు. చూపుకు పని చేసే భాగాల మధ్య, మెదడు అడుగున లోతుల్లో కూడా, పొందిక పెరిగింది. 2017లో ఇది అచ్చయింది. ఎందుకు మన చెవుల్లో అక్షరం పడొద్దన్నరో ఇప్పుడు అర్థమైందా? అక్షరం తల లోపలి రాతనే మారుస్తుంది. ముప్పై ఏండ్లు దాటినా మారుస్తుంది.

కానీ ఒక్కరి తల మారితే చాలదు. కులం మన తలలో మాత్రమే లేదు. చాయ్ హోటల్ ఆయన తలలో ఉన్నది, ఊరి నక్షాలో ఉన్నది, ఎవరి వాడ ఎక్కడ ఉండాలె, ఎవరి బొందలగడ్డ ఎక్కడ ఉండాలె అన్నదాంట్లో ఉన్నది. అది మారకుండా మన మనసు మాత్రం గట్టి చేసుకొమ్మనేవాళ్లను నమ్మొద్దు. తిండి సంగతి కూడా ఇందులోదే. మన రాష్ట్రంలో అయిదేండ్ల లోపు పిల్లల్లో సుమారు మూడో వంతు వయసుకు తగ్గ ఎత్తు లేరని 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. తిన్నదాంట్లో పెద్ద వాటా మెదడే తీసుకునే వయసులో పిల్లల కంచం ఖాళీగ ఉన్నది. అంగన్‌వాడీ గుడ్డు అడగడం కూడా 'నేను' గురించిన పోరాటమే. భూమి, కూలి మాట్లాడకుండా ఇదేందని మొదట నవ్వినవాళ్లకు ఇదే మా జవాబు. రెండూ ఒకటే ముచ్చట.

మూడు సభల్లో మేం కోరిన పనులే ఇక్కడా కోరుతున్నం. మీ వాడలో చదువురాని పెద్దవాళ్లను మాపటిపూట కూర్చోబెట్టి ఒక్క గంట అక్షరాలు దిద్దించండి. మూర్ఛ, మతిచలనం వచ్చినవాళ్లను దవాఖానకు తోడుండి తీసుకపోండి. బడిలో పిల్లల కులం అందరి ముందూ చదివితే, మరునాడే పోయి పంతులును మర్యాదగా, గట్టిగా అడగండి. ఆ పంతులు మనోడే అయినా అడగండి.

మా అవ్వ ఇప్పుడు లేదు. "ఏం పాపం చేసుకున్నమో బిడ్డా" అన్న ఆమె మాటకు అప్పుడు జవాబు చెప్పే తెలివి మాకు లేకుండె. ఇప్పుడు చెప్తున్నం: అవ్వా, నువ్వు ఏ పాపమూ మోసుకరాలేదు. నీ తలలో ఆ మాట రాసినోళ్లు వేరే ఉన్నరు.

జై భీం!